ఎంఐటీ ఉచిత కోర్సు 6.005, ‘సాఫ్ట్‌వేర్ కన్‌స్ట్రక్షన్’: ఒక విద్యార్థి సమీక్ష

బీటెక్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పేపరును నేను ఒక్క వరుస ప్రోగ్రాము కూడా రాయకుండానే మంచి మార్కులతో గట్టెక్కాను. సాఫ్ట్‌వేర్ తయారీ దశలను చూపే వాటర్‌ఫాల్, స్పైరల్ మోడళ్ల బొమ్మలు, వాటి లాభనష్టాలు, పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టిన నిర్వచనాలు తప్ప ఆ సబ్జెక్టు నుంచి నాకు మిగిలింది లేదు. ఉద్యోగంలో చేరాక ఆ లోటు తెలిసివచ్చి, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన పాఠాలను అందరికీ అందించే ఓపెన్‌కోర్స్‌వేర్ వెబ్‌సైటులో ఉచితంగా ఉంచిన 6.005 కోర్సును, అంటే 2016 వసంతకాలపు సెమిస్టరు పాఠాలను, సాయంత్రం వేళల్లో మొదటి నుంచి చివరి దాకా చదివాను.

పాఠాలన్నీ మూడు గుణాల చుట్టూ తిరుగుతాయి: ప్రోగ్రాములో బగ్గులకు, అంటే తప్పులకు, తావుండకూడదు, చదివినవారికి అది తేలికగా అర్థం కావాలి, రేపు మార్పు వస్తే తట్టుకోవాలి. కోడ్ రివ్యూ, అంటే రాసిన ప్రోగ్రామును చదివి లోపాలు పట్టడం గురించిన పాఠంలో, ఏడాదిలో ఒక తేదీ ఎన్నో రోజో లెక్కించే చిన్న ఫంక్షనును (ఒక పని చేసే ప్రోగ్రాము ముక్కను) నెలకొక ‘ఇఫ్’ షరతు చొప్పున కావాలనే అధ్వానంగా రాసి చూపిస్తారు. అందులో తప్పుల కోసం వెతుకుతూ పోతే, ఒకే లెక్క పదేపదే రావడం, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని అంకెలు, పేరుకూ పనికీ పొంతన లేని వేరియబుళ్లు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఇలాంటి కోడును నేనూ రాశానని గుర్తించినప్పుడు కలిగే ఆ ఇబ్బందే ఈ పాఠం చేసే మేలు.

నన్ను అన్నిటికంటే మార్చింది ‘ట్వీట్ ట్వీట్’ అనే ప్రాబ్లం సెట్, అంటే ఇంటి దగ్గర చేయాల్సిన అభ్యాసం. కొన్ని ట్వీట్లను చూసి ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారో ఊహించే ఫంక్షను రాయాలి. అయితే ముందుగా టెస్టులు, అంటే ఆ ఫంక్షను సరిగా పనిచేస్తోందా అని సరిచూసే చిన్న ప్రోగ్రాములు, రాయాలి. ఎవరినీ అనుసరించని వ్యక్తి పేరు ఫలితంగా వచ్చే మ్యాపులో (ఒక్కో పేరు ఎదుట వారు అనుసరించేవారి పట్టిక ఉండే జాబితాలో) ఖాళీ సెట్టుతో ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు అని స్పెసిఫికేషన్, అంటే ఫంక్షను ఏం చేయాలో చెప్పే ఒప్పందం, చెబుతుంది. మన ప్రోగ్రాము ఈ రెంటిలో ఏది చేసినా సరే, మనం రాసే టెస్టు మాత్రం రెండింటినీ ఒప్పుకోవాలి. స్పెసిఫికేషన్‌ను మీరిన ప్రోగ్రాములను మాత్రమే పట్టుకోవాలి. ఫంక్షను లోపల ఏముందన్నది వేరు, వాడుకునేవారికి అది ఇచ్చే మాట వేరు అన్న సంగతి నాకు ఏ నిర్వచనంతోనూ అర్థం కాలేదు. నా టెస్టు నా ప్రోగ్రాముకు మాత్రమే సరిపోయేలా ఉందని చూసుకున్న రోజున అర్థమైంది.

ఒకేసారి పలు పనులు నడిచే ప్రోగ్రాముల గురించిన పాఠం కూడా అంతే బలంగా ఉంది. ఒకే బ్యాంకు ఖాతాపై రెండు ఏటీఎంలు ఒక్కో డాలరు జమచేసి వెంటనే తీసుకుంటూ ఉంటే, చివరికి నిల్వ మారకూడదు. కానీ ఒకటి నిల్వను చదివి తిరిగి రాసేలోగా రెండోది పాత అంకెనే చదివితే లెక్క తప్పుతుంది. ఈ బగ్గు ఒకసారి కనిపించి మరోసారి మాయమవుతుంది కనుక, టెస్టుల మీదే ఆధారపడటం కుదరదని, డిజైనులోనే దానికి చోటు లేకుండా చేయాలని నచ్చజెబుతారు. చివరి ప్రాబ్లం సెట్‌లో పలువురు కలిసి ఆడే మైన్‌స్వీపర్ అనే కంప్యూటర్ ఆట సర్వరును కట్టేటప్పుడు ఇది అనుభవంలోకి వస్తుంది.

లోటుపాట్లూ ఉన్నాయి. వినియోగదారుడికి ఏం కావాలో కనుక్కోవడం, ఖర్చు అంచనా, ప్రాజెక్టు నిర్వహణ ఇందులో దాదాపు లేవు. వాటికి మన సిలబస్‌లోని పుస్తకాలే శరణ్యం. ఉదాహరణల్లో ఎక్కువ భాగం జావా అనే ప్రోగ్రామింగ్ భాషలోనే ఉంటాయి, కనుక ఏదో ఒక భాషలో ప్రోగ్రాములు రాయడం ముందే వచ్చి ఉండాలి. పాఠం మధ్యలో వచ్చే చిన్న ప్రశ్నలకు జవాబు వెంటనే సరిచూసుకోవచ్చు గానీ, మన కోడును చదివి దిద్దే గురువు మాత్రం దొరకడు. అందుకే ఒంటరిగా కాకుండా, ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి మొదలుపెట్టమని నా సలహా; ఒకరి టెస్టులను మరొకరి ప్రోగ్రాముపై నడిపి చూసుకుంటే ‘ట్వీట్ ట్వీట్’ అసలు ఉద్దేశం నెరవేరుతుంది. తీరిక తక్కువగా ఉన్నవారు కనీసం టెస్టింగ్, కోడ్ రివ్యూ, స్పెసిఫికేషన్ల పాఠాలైనా మూడో సంవత్సరం ప్రాజెక్టు మొదలయ్యేలోపు పూర్తిచేయాలి.