పొగ ఎక్కడిది? వీర్స్ చూడాలా, ఇన్‌శాట్ చూడాలా?

2019 ఫిబ్రవరి 23న బెంగళూరు ఉత్తరాన నల్లటి పొగ లేచింది. ఆ వారమే బందీపూర్ అడవి కూడా తగలబడుతోంది. హెలికాప్టర్లతో నీళ్లు పోసేదాకా వెళ్లింది వ్యవహారం. ఊళ్లోని పొగ మాత్రం అడవిది కాదు, యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన పార్కింగ్‌లో దాదాపు 300 కార్లు కాలిన పొగ. బందీపూర్ బెంగళూరుకు రోడ్డు మీద 220 కిలోమీటర్లు. ఊళ్లో మా మారతహళ్ళి మేడ మీద నిలబడి వాసన చూసి ఏది ఏ పొగో తేల్చలేం. అందుకు ఉపగ్రహాల ఫొటోలు చూడాలి.

అడవి మంటలకైతే నా ఓటు వీర్స్‌కే. సువోమి ఎన్‌పీపీ, నోవా-20, నోవా-21 అనే మూడు ఉపగ్రహాల మీద ఉండే కెమెరా ఇది. మంటల్ని 375 మీటర్ల గడుల్లో పట్టుకుంటుంది, అంటే ఫొటోలో ఒక్కో గడి నేల మీద అంత వెడల్పు. పాత ఉపగ్రహ కెమెరా మోడిస్‌కు అదే గడి ఒక కిలోమీటరు. నాసా వారి మంటల మ్యాపు ఫర్మ్స్ సైటులో ఈ మంటల్ని ఎర్ర చుక్కలుగా ఉచితంగా చూడొచ్చు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఇందులో పొగ కనబడకపోయినా రాత్రిపూట నిప్పు కనబడుతుంది. ఒక్క జాగ్రత్త: చుక్క ఎంతుందో మంట అంత ఉందనుకోకూడదు. ఆ గడిలో ఎక్కడో వేడి ఉందని మాత్రమే దానర్థం.

దీని లోపం టైము. మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి అదే వేళకు ఇంకోసారి మన మీదుగా పోతుంది. మధ్యలో అంటుకుని మధ్యలోనే ఆరిపోయిన మంట దానికి తెలియనే తెలియదు.

మన వాతావరణ ఉపగ్రహాలు ఇన్‌శాట్-3డీఆర్, 2024లో ఎగిరిన 3డీఎస్ అలా కాదు. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట నిలబడ్డట్టు కనిపిస్తూ అరగంటకో ఫొటో పంపుతాయి. ఇస్రో వారి మోస్‌డాక్ సైటులో వాటిని వరుసగా చూస్తే పొగ ఎటు కదులుతోందో తెలిసిపోతుంది. కానీ వేడిని చూసే గడి 4 కిలోమీటర్లు, చిన్న మంటలు అందులో కలిసిపోతాయి. అరేబియా సముద్రం మీద పరుచుకునే ఎడారి దుమ్ముకైతే ఆ గడి చాలు. దుమ్ముకు నేను ముందు తెరిచేది ఇన్‌శాట్‌నే.

మబ్బు పట్టిన రోజు రెండూ తడబడతాయి. అప్పుడు యూరప్ వారి సెంటినల్-5పీ ఉపగ్రహం ఇచ్చే ఏరోసాల్ ఇండెక్స్, అంటే గాలిలోని సన్నటి రేణువుల సూచీ చూడండి. పొగా దుమ్మూ అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి, మబ్బు పీల్చుకోదు. కాబట్టి మబ్బు పైనున్న పొగ కూడా తెలుస్తుంది. నేలకు దగ్గరగా ఉన్న పొగను మాత్రం అంతగా పట్టుకోలేదు.

ఇంత చెప్పాక మదనపల్లె నుంచి వచ్చిన మా అమ్మ అడిగింది ఒక్కటే: "అదంతా సరే గానీ, మేడ మీద వడియాలు పెట్టనా వద్దా రా?" దానికి ఈ ఫొటోలేవీ పనికిరావు. మూడు కిలోమీటర్ల ఎత్తున పోయే పొగైనా ఫొటోలో మన నెత్తిమీదే ఉన్నట్టుంటుంది. గాలి నాణ్యత చెప్పే సమీర్ యాప్‌లో దగ్గరి స్టేషన్ పీఎం 10 (గాలిలోని సన్నటి దుమ్ము) అంకె చూసి, పెట్టుకోమన్నాను.