మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడా: మూడుసార్లు ఉసూరుమన్నవాడి మాట

గేమ్ లెక్క ప్రకారం నేను ఆండ్రోమెడా గెలాక్సీలో గడిపింది 190 గంటల పైచిలుకు. అందులో నిజంగా ఆడింది ఎంత, ఒకడి సామాను ఇంకొకడికి మోసింది ఎంత అని మాత్రం అది విడదీసి చూపించదు. చూపిస్తే పరువు పోతుంది. నాదో, దానిదో.

2017 మార్చిలో ఈ గేమ్ వచ్చినప్పుడు కొనే స్తోమత లేదు. ధర బాగా తగ్గాక ఆ ఏడాది చివర్లో కొన్నాను. 55 జీబీ. అప్పట్లో మా బైరాగిపట్టెడ ఇంట్లో ఉన్న నెట్‌కి అది నాలుగు రాత్రుల పని. పొద్దున డ్యూటీ నుంచి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ఎంత శాతం దిగిందో చూసేవాణ్ణి. మొదటి మూడు మాస్ ఎఫెక్ట్‌లూ అప్పటికే ఆడి ఉన్నాను. 2007, 2010, 2012లో వచ్చినవి. మూడోదాని ముగింపు మీద ఊరంతా తిట్టుకున్నప్పుడు కూడా దాన్ని వెనకేసుకొచ్చినవాణ్ణి. కాబట్టి ఆశ మామూలుగా లేదు.

కథ వినడానికి ఎంత బావుంటుందో చూడండి. 2185లో మన పాలపుంత నుంచి పెద్ద పెద్ద ఓడలు బయల్దేరతాయి. ఒక్కో ఓడలో 20,000 మంది శీతలనిద్రలో ఉంటారు. 634 ఏళ్లు ప్రయాణం చేసి 25 లక్షల కాంతి సంవత్సరాల అవతల ఉన్న ఆండ్రోమెడా చేరతారు. కళ్లు తెరిచేసరికి వెనకటి వాళ్లెవరూ మిగిలి ఉండరు. తిరిగి వెళ్లడం అనే మాటే లేదు. మన పాత్ర రైడర్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు, లేదా అమ్మాయి. తండ్రి చేయాల్సిన పని మొదటి రోజే నెత్తిన పడుతుంది. మనుషులు బతకగల చోటు వెతకాలి. ఆ పదవి పేరు పాత్‌ఫైండర్.

నేను బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో నైట్ డ్యూటీ రిసెప్షన్. తెల్లవారుజామున మూడున్నరకి బస్సు దిగి మెట్లెక్కేవాళ్ల నడక చూస్తే చాలు, తిరుపతికి కొత్తా పాతా చెప్పేస్తాను. కొత్తవాడు ముందు గోడ మీద రేట్ల బోర్డు చూస్తాడు, తర్వాత నన్ను చూస్తాడు, ఆ తర్వాత తన సంచులూ పిల్లలూ సరిగ్గా ఉన్నారా అని లెక్కబెట్టుకుంటాడు. ఏ భాషలో మొదలుపెట్టాలో తెలియక నోరు తెరిచి ఆగుతాడు. నేను తమిళంలో అడుగుతాను, తల అడ్డంగా ఊపుతాడు. హిందీలో అడుగుతాను, అప్పుడు ఊపిరి వదులుతాడు. ఆ నాలుగు క్షణాలూ నాకు పదేళ్లుగా అలవాటే అయినా విసుగు పుట్టలేదు. 25 లక్షల కాంతి సంవత్సరాలు పోయిన ఆటలో నేను వెతికింది ఆ నాలుగు క్షణాలే. అక్కడే దెబ్బ కొట్టింది.

మొదటి గంట మాత్రం నోరెత్తనివ్వదు. హాబిటాట్ 7 అనే గ్రహం మీద కూలిపోతాం. గాల్లో తేలే బండలు, ఆగకుండా మెరుపులు. కెట్ అనే తెలియని జాతి ఎదురవుతుంది. తుపాకీ ఎత్తాలా, చేతులెత్తాలా తెలియదు. వాళ్ల మాట మనకి రాదు, మన మాట వాళ్లకి రాదు. కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను.

ఆ తర్వాత నెక్సస్ అనే అంతరిక్ష కేంద్రానికి వెళ్తాం. చూస్తే, మన వాళ్లు మనకంటే 14 నెలల ముందే అక్కడికి చేరిపోయి, కొట్టుకుని, విడిపోయి, చాలామంది వెళ్లిపోయి ఉన్నారు. సరే అనుకుని ఇయోస్ అనే ఎడారి గ్రహం మీద దిగితే, అక్కడా మన వాళ్లు రెండుసార్లు కాలనీ కట్టి చేతులు కాల్చుకుని పోయారు. కడారాకి వెళ్తే నెక్సస్ నుంచి గెంటేసినవాళ్లు అంగడి తెరిచి, బార్ పెట్టి, మామూళ్లు కూడా వసూలు చేస్తున్నారు. ఎక్కడ కాలు పెట్టినా ముందే ఎవడో దుప్పటి పరిచి ఉంటాడు. దారి కనిపెట్టేవాడు అని పేరు పెట్టి, అందరూ తిరిగిన దారిలో చివర నన్ను పంపితే ఎట్లా?

అంగారాల సంగతీ అంతే. (పేరు వినగానే అంగారకుడు గుర్తొచ్చి మొదటిసారి నవ్వుకున్నాను.) అక్కడి స్థానికులు వీళ్లే. వాళ్ల గ్రహం మీద దిగిన కాసేపటికే మాటలు నడిచిపోతాయి. భాష సంగతి అనువాద యంత్రం చూసుకుంటుంది. సంజ్ఞలు లేవు, అపార్థాలు లేవు, ఒక్క పదం తప్పుగా పలికి ముక్క చీవాట్లు తినడం కూడా లేదు. మా లాడ్జిలో ఒడిశా వాళ్లకి వేడినీళ్ల టైమింగ్ చెప్పడానికి పట్టేంత సేపు కూడా రెండు గెలాక్సీల తొలి పరిచయానికి పట్టలేదు. పైగా మొత్తం గెలాక్సీలో మాట్లాడే కొత్త జాతులు రెండే, కెట్, అంగారా. పాత మూడు గేముల్లో ఎన్ని రకాల జీవులుండేవో తెలిసినవాళ్లకి ఇది చేదు.

విడుదలైన రోజుల్లో లోకమంతా ఇందులోని పాత్రల మొహాల మీద పడి నవ్వింది. సభ్యత్వం ఉన్నవాళ్లకి ముందుగా ఇచ్చిన పది గంటల ట్రయల్‌లోనే ఆ క్లిప్పులన్నీ బయటికి వచ్చేశాయి. ఆడిసన్ అనే అధికారిణి తన మొహం అలిసిపోయిందని అంటుంది. అనేటప్పుడు మొహంలో ఒక్క కండ కదలదు. అది చూసి పడి పడి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఏప్రిల్‌లో వచ్చిన 1.05 ప్యాచ్‌తో (తప్పులు దిద్దే అప్‌డేట్) కళ్లలోకి కాస్త జీవం వచ్చింది. నేను కొనేనాటికి అది పెద్ద గొడవగా అనిపించలేదు. ఆ మాటకొస్తే తెల్లవారి నాలుగింటికి కౌంటర్ వెనక నా మొహం కూడా ఆడిసన్ మొహమే.

అసలు రోగం పనుల జాబితా. జర్నల్‌లో 'అదనపు పనులు' అని ఒక విభాగం ఉంటుంది. ఒకావిడకి పది ఖనిజాల స్కాన్ కావాలి. ఇంకొకాయనకి పోయిన సామాను కావాలి. ఎక్కడుందో మ్యాపులో చుక్క ఉండదు, శత్రువుల శిబిరాలు తిరుగుతూ ఉంటే ఎప్పుడో తగులుతుంది. మన ఓడ టెంపెస్ట్‌లో అందరూ కలిసి ఒక సినిమా చూడాలనే ముచ్చటైన పని కూడా ఉంది. దానికోసం ఈమెయిల్ చదవాలి, ఒక గ్రహానికి వెళ్లి సినిమా కొనాలి, తిరిగి రావాలి, మళ్లీ ఈమెయిల్, ఈసారి చిరుతిండి, ఇంకో గ్రహం, మళ్లీ ఓడ. ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి పోయేటప్పుడు తెర మీద నక్షత్రాలు జరిగే దృశ్యం ప్రతిసారీ చూడాల్సిందే. దాన్ని దాటేసే బటన్ కూడా ఆ ఏప్రిల్ ప్యాచ్‌తోనే వచ్చింది. ఆ బటన్ లేకుండా మొదటి నెలలో ఆడినవాళ్లకి నా దండం. సినిమా రాత్రి చివరికి వచ్చినప్పుడు మాత్రం నిజంగానే బావుంటుంది. కానీ అప్పటికి నాకు ఎవరు ఏం తెమ్మన్నారో గుర్తులేదు.

దాదాపు ప్రతి గ్రహం మీదా స్తంభాలు, వాటి దగ్గర గ్రహాంతర అక్షరాలతో సుడోకు, ఆ తర్వాత భూగర్భంలో వాల్ట్ అనే పాతకాలపు యంత్రాల గది. దాన్ని పని చేయిస్తే వాతావరణం బాగుపడి, నివాసయోగ్యత శాతం పెరుగుతుంది. ఇయోస్‌లో చేసినప్పుడు ఒళ్లు పులకరించింది. వోల్డ్ అనే మంచు గ్రహంలో తలూపాను. మూడో గ్రహానికి విసుగొచ్చేసింది.

ఎందుకిలా అయిందో ఆ ఏడాది జూన్‌లో వచ్చిన ఒక పరిశోధన కథనం చదివాక అర్థమైంది. మొదట వందల గ్రహాలు యంత్రమే పుట్టించేలా చేద్దామనుకున్నారట. అది 30కి తగ్గి, చివరికి 7 అయింది. పాత గేములకి వాడిన ఇంజిన్ (గేమ్ కట్టే సాఫ్ట్‌వేర్) వదిలి, తుపాకీ యుద్ధాల గేముల కోసం పుట్టిన ఫ్రాస్ట్‌బైట్‌తో తంటాలు పడ్డారు. ఐదేళ్లు పట్టిన గేమ్‌లో ఎక్కువ భాగం చివరి 18 నెలల్లో తయారైందని అందులో రాశారు. వందల గ్రహాలకి సరిపోయే పనిని ఏడింటి మీద కుప్పపోసినట్టుంటుందని నాకనిపించేది, కారణం అదే కావచ్చు.

ఇంత తిట్టి మూడుసార్లు ఎందుకు ఆడావంటే, రెండు కారణాలున్నాయి.

ఒకటి యుద్ధం. వీపుకి జెట్ ఉంటుంది. ఎగరొచ్చు, గాల్లో కాసేపు ఆగి గురిపెట్టొచ్చు, పక్కకి దూకొచ్చు. పాత గేముల్లో గోడ చాటున నక్కి కూర్చునేవాళ్లం. ఇక్కడ ఆగితే చస్తాం. బయోటిక్ శక్తితో ఒకణ్ణి గాల్లోకి లేపి, ఆ వెంటనే ఇంకో శక్తి విసిరితే ఢామ్మని పేలే చప్పుడుందే, నైట్ డ్యూటీ తర్వాత దానంత మందు లేదు. లోటు ఏమిటంటే, ఒకసారికి మూడు శక్తులే చేతిలో ఉంటాయి, పక్కనున్నవాళ్లకి ఫలానా శక్తి వాడమని చెప్పడానికి వీల్లేదు. పాత గేముల్లో అది ఉండేది.

రెండోది నోమాడ్. ఆరు చక్రాల బండి. దానికి తుపాకీ లేదని చాలామంది గొణిగారు. నాకు అదే నచ్చింది. మామూలు మోడ్‌లో పరిగెడుతుంది, ఎత్తు వస్తే బటన్ నొక్కి ఆరు చక్రాలకీ పట్టు ఇవ్వాలి. అప్పుడు వేగం పోయి, రాయి రాయినీ తడుముకుంటూ ఎక్కుతుంది. నేను కొండకి బైక్ మీద వెళ్లేవాణ్ణి. ఘాట్‌లో తొందరపడి నిర్ణీత సమయం కంటే ముందే చేరితే జరిమానా, కాబట్టి మెల్లగా గేర్లు మారుస్తూ ఎక్కడం చేతికి అలవాటు. ఎలాడెన్ ఇసుక గుట్టల మీద నోమాడ్ ఎక్కిస్తుంటే ఆ చేతులే పనిచేశాయి. ఆ హాయిని చెడగొట్టేది సామ్. రైడర్ తలలో ఉండే కృత్రిమ మేధ. ఉష్ణోగ్రత పెరిగింది, ఉష్ణోగ్రత తగ్గింది, ఇక్కడ ఖనిజం తవ్వొచ్చు, మీకు ఈమెయిల్ వచ్చింది. మా లాడ్జి పాత లిఫ్టులో జాలీ తలుపు వేయకపోతే 'ప్లీజ్ క్లోజ్ ద డోర్' అని ఒకావిడ అరుస్తూనే ఉంటుంది. సామ్ ఆవిడకి తమ్ముడు.

మనతో తిరిగే తోటివాళ్లలో డ్రాక్ నాకు ఇష్టం. క్రోగన్ అనే జాతి ముసలోడు, వందల ఏళ్ల చాదస్తం. జాల్ అనే అంగారా ఇంటికి వెళ్తే ఇల్లంతా తల్లులు, పిల్లలు, గోల. మన పల్లెటూరి ఉమ్మడి ఇల్లే. లియం తన సొంత మిషన్ వరకు చిరాకు పుట్టిస్తాడు. ఆ మిషన్‌లో మాత్రం ఓడ గురుత్వాకర్షణ తిరగబడి, గోడలే నేలగా మారి, శత్రువు బెదిరిస్తుంటే వీళ్లు పోట్లాడుకుంటూ ఉంటారు. గేమ్ మొత్తం ఇంత సరదాగా ఉండి ఉంటే అనిపించింది. ఇక ఆర్కాన్ అనే విలన్ గురించి నాలుగు ముక్కలు రాద్దామంటే గుర్తుకు రావడం లేదు.

చిత్తూరులో మా మామ కొడుకు ఉన్నాడు. వాడు పాత మాస్ ఎఫెక్ట్‌లు ఏవీ ముట్టుకోలేదు, నేరుగా దీనితోనే మొదలుపెట్టాడు. "నీకేం కావాల బావా, బండి ఉండాది, తుపాకి ఉండాది, ఎగరతా ఉండావు, ఇంకేంది ఏడుపు?" అంటాడు. ఇలాంటి మాటే చాలామంది కొత్త ఆటగాళ్ల నోట విన్నాను. పాత రుచి నాలుక మీద లేకపోతే ఇది 10కి 7 మార్కుల గేమ్. నేనైతే 2021లో పాత మూడింటి కొత్త కూర్పు లెజెండరీ ఎడిషన్ వచ్చాక, వాటిని వరసగా ఆడేసి వెంటనే దీంట్లో దిగాను. అదే నేను చేసిన తప్పు. రెండోసారి ఆట మొత్తం మొహం ముడుచుకునే ఆడాను. అక్కడ ఒక్క మాటతో ఒక జాతి బతుకో చావో తేలేది. ఇక్కడ ఇయోస్‌లో సైనిక కాలనీయా, శాస్త్రవేత్తల కాలనీయా అని బరువుగా అడుగుతారు, ఏది ఎంచినా నాలుగు డైలాగులు మారతాయి, అంతే. కడారాలో ఒకచోట మాత్రం నిజమైన ఎంపిక ఉంది. ఇద్దరు నాయకుల మధ్య పోరు, ఒకడు మాట తప్పబోతున్నాడని మనకి ఒక్క క్షణం ముందు తెలుస్తుంది. రెండుసార్లు నోరు మూసుకుని చూశాను, మూడోసారి అడ్డుపడ్డాను. దాని గురించి అంతకంటే చెప్పను.

మూడోసారి, ఈ ఎండాకాలం, పద్ధతి మార్చాను. అదనపు పనులు అన్న పేజీ తెరవనే లేదు. తోటివాళ్ల మిషన్లు, ప్రధాన కథ, రైడర్ కుటుంబ రహస్యం, ఆర్కిటెక్ట్ అనే కొండంత యంత్రాలతో పోరాటాలు. అంతే. 40 గంటల్లో అయిపోయింది. మొదటిసారి కంటే సగం టైమ్, రెండింతలు ఆనందం. కుటుంబ రహస్యం మాత్రం వదలొద్దు. తండ్రి జ్ఞాపకాలు ఒక్కొక్కటే తెరుచుకుంటూ చివరికి తల్లి విషయంలో వచ్చే మలుపు ఈ గేమ్ మొత్తంలో బాగా రాసిన ముక్క. కొనేవాళ్లు తగ్గింపు ధర వచ్చేదాకా ఆగండి. గేములు అమ్మే స్టీమ్‌లో ధర పడిపోవడం కొత్తేమీ కాదు. 8 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది కానీ వోల్డ్ మంచు తుఫానులో నా పాత మెషీన్ ఫ్యాను మోతకి మా అమ్మ పక్క గదిలోంచి లేచి వచ్చింది.

ఇక మనసులో మెదిలే ఒక్క విషయం. కథ అయిపోయాక క్వేరియన్లు అనే ఇంకో జాతి ఓడ నుంచి ఒక సందేశం వస్తుంది. మిగతా ఓడలతో పాటు చేరాల్సింది, ఆలస్యమైంది. మా దగ్గరికి రావొద్దని హెచ్చరిక. మొదటిసారి విన్నప్పుడు నేను ఎగిరి కుర్చీ దిగాను. అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది, అదనపు భాగం వస్తుంది అనుకున్నాను. నిజానికి 2017 ఆగస్టులోనే ఒంటరి ఆటకి ఇక ఏ అప్‌డేట్లూ ఉండవని ప్రకటించేశారు. నాకు ఆ సంగతి తెలిసింది రెండు నెలలు ఎదురుచూశాక. ఆ ఓడకి ఏమైందో తర్వాత ఒక నవలలో చెప్పారు, గేమ్‌లో మాత్రం ఆ తలుపు అలాగే ఉండిపోయింది.

మొన్న మూడోసారి ఆ సందేశం వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర, డ్యూటీకి బయల్దేరాలి. హెడ్‌ఫోన్ తీయకుండా చివరిదాకా విన్నాను. మా మామ కొడుకు పక్కనే ఉన్నాడు. "పోతామా బావా ఆడికి?" అన్నాడు. దారి లేదురా అని చెప్పి, సేవ్ చేసి, చొక్కా మార్చుకున్నాను.