పాత హార్వెస్టర్ వాల్వ్‌కు సీల్ కిట్ వేసి ఐదేళ్లు: ఏది ఆగింది, ఏది ఆగలేదు

నిజాంసాగర్ ఆయకట్టులో వానాకాలం, యాసంగి రెండూ వరే కాబట్టి, పంజాబ్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకున్న మా 14 అడుగుల కటర్‌బార్ (ముందుండే కోత భాగం) హార్వెస్టర్‌కు ఏడాదికి రెండు సీజన్ల పని ఉంటుంది. లివర్లతో ఆయిల్ ఒత్తిడిని సిలిండర్లకు పంపే కంట్రోల్ వాల్వ్ దగ్గర రోజుకు రెండు లీటర్ల దాకా ఆయిల్ కారిపోతుండటంతో, వాల్వ్ బ్లాక్ మొత్తం మార్చే స్తోమత లేక, ఐదేళ్ల కిందట సీల్ కిట్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగుల సెట్టు) తెచ్చి నేనే వేసుకున్నాను. పది సీజన్లు వాడిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది.

ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడమే సగం పని. కారిన ఆయిల్‌కు వరి దుమ్ము, నూగు పట్టి బ్లాక్ అంతా నల్లటి పేడలా తయారవుతుంది. దాన్ని డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లి, ఇంజను నడిపిస్తూ లివర్లు ఒక్కొక్కటే కదిపాను. పైపు జాయింటే కారణమని అప్పటిదాకా నమ్మాను గాని, పౌడరు తడిసింది రెండో లివరు కింద, స్పూల్ (లివరు కదిపితే వాల్వ్ లోపల జరిగే కడ్డీ) బయటికి వచ్చే చోట. అక్కడి నుంచి తీసిన ఓ-రింగు ఒక వైపు పూర్తిగా చదునై, గోరు దిగనంత గట్టిపడి, వంచగానే పుటుక్కున విరిగింది.

మొదట కొలత సరిపోయిందని విడిగా కొన్న మెత్తటి రింగులు వేశాను. అవి ఒక్క సీజను కూడా నిలవలేదు. తరువాత వేసిన, 90 షోర్ (రబ్బరు గట్టిదనాన్ని కొలిచే లెక్క) గట్టిదనం ఉన్న నైట్రైల్ రబ్బరు రింగుల్లో, ఇన్నేళ్లలో ఒక్కటి మాత్రమే మళ్ళీ మార్చవలసి వచ్చింది. విటాన్ అనే మరో రకం రబ్బరు దాదాపు 200 డిగ్రీల వేడిని తట్టుకుంటుంది గాని ధర చాలా ఎక్కువ. సుమారు 100 డిగ్రీల వరకు పనిచేసే నైట్రైలే మా వాల్వ్‌కు సరిపోయింది.

అయితే కిట్ వేసినా, ఎత్తి నిలిపిన కటర్‌బార్ మెల్లగా కిందికి దిగిపోవడం మాత్రం ఆగలేదు. కటర్‌బార్‌ను లేపే సిలిండర్లు మా యంత్రంలో ఒకవైపు మాత్రమే ఒత్తిడి తీసుకునేవి. వాటి సీల్ పోతే ఆయిల్ రాడ్డు మీదుగా బయటికే కారాలి. రాడ్డు పొడిగా ఉన్నా బార్ దిగుతోందంటే, తప్పు వాల్వ్ లోపల ఆయిల్‌ను వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్‌దేనని నాకు అర్థం కావడానికి ఒక సీజను పట్టింది. విప్పి చూస్తే దాని కోను మీద వెంట్రుకంత గీత కనిపించింది. లేత్ షాపులో సన్నటి గ్రైండింగ్ పేస్టుతో ఆ కోనును అది ఆనే సీటుకు సరిగ్గా కూర్చోబెట్టించాకే బార్ ఎత్తిన చోట నిలిచింది.

విప్పే ముందు బార్‌ను నేలకు దించి, ఇంజను ఆపి, లివర్లు అటూ ఇటూ కదిపి మిగిలిన ఒత్తిడిని వదిలేయాలి. లీకేజీ కోసం వేలితో తడమవద్దు. సన్నటి రంధ్రం నుంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది కాబట్టి అట్టముక్కను అడ్డుపెట్టి చూడాలి. జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు. దాని పోగులు వాల్వ్‌లోకి చేరి ఇరుక్కుంటాయి. ఏ స్పూల్‌ను ఏ రంధ్రం నుంచి తీశామో గుర్తు పెట్టుకుని, తిరిగి అందులోనే వేయాలి. మైక్రాన్ల సందుతో జతచేసిన భాగాలవి, ఎమరీ కాగితం అస్సలు తగలనివ్వకూడదు.

విప్పినప్పుడు స్పూల్ మీద గాని, రంధ్రం గోడ మీద గాని గోటికి తగిలేంత గీత ఉంటే, సీల్ కిట్‌కు డబ్బు పెట్టవద్దు. అలాంటి వాల్వ్‌కు బ్లాక్ మార్చవలసిందే.