పోపు వేసినందుకు 150 డాలర్లు: మా క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన ప్రయాణం

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఏటా జరిగే త్యాగరాజ ఆరాధన సంగీతోత్సవానికి వెళ్లాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. అద్దె ఇంటి ప్రకటనలో వంటగది ఉందని రాసి ఉంటే అక్కడితో నమ్మేయకండి. ఆ వంటగదిలో ఆవాలు చిటపటలాడించవచ్చో లేదో డబ్బు కట్టకముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. మేము అడగలేదు. అందుకు 150 డాలర్ల జరిమానా పడింది. ఆ డబ్బు సంగతి ఎలా ఉన్నా, డెబ్బై రెండేళ్ల మా అత్తయ్య ఆ రాత్రి చిన్నబోయి కూర్చున్న తీరు మాత్రం నేను మరచిపోలేను.

అసలు ఈ ప్రయాణం పెట్టుకున్నదే ఆవిడ కోసం. రాజమండ్రిలో పెళ్లికి ముందు తొమ్మిదేళ్లు సంగీతం నేర్చుకున్నారు. ఆ తర్వాత పాట వంటింటికే పరిమితమైంది. ఆరాధనలో అందరూ కలిసి పాడే త్యాగయ్య ఐదు పెద్ద కీర్తనలు, ఘనరాగ పంచరత్నాలు, ఐదూ ఆవిడకు నోటికి వచ్చు, కానీ పదిమందిలో కూర్చుని పాడింది ఎన్నడూ లేదు. జనవరిలో హారిస్‌బర్గ్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడే, ఈసారి ఎలాగైనా తీసుకెళ్లాలని అనుకున్నాను.

రెండో కారణం కూడా చెప్పాలి. కిందటేడు ఒక పెద్ద తెలుగు మహాసభకు వెళ్లాం. మనిషికి 150 డాలర్లు కట్టాం. పదకొండేళ్ల మా పాప ఆరు నెలలు సాధన చేసిన కూచిపూడి అంశాన్ని మధ్యాహ్నం భోజనాల వేళ ఒక పక్క గదిలో పెట్టారు. ఎదురుగా కూర్చున్నది ఆడే పిల్లల తల్లిదండ్రులు మాత్రమే. పాట సగంలో ఉండగా నిర్వాహకుడు ఒకాయన వచ్చి సమయం అయిపోయిందని చెప్పి పాట ఆపించారు. అదే సాయంత్రం ప్రధాన వేదిక మీద సినిమా తారల కోసం గంటన్నర ఎదురుచూశాం, ఎవరూ ఏమీ అనలేదు. పాప కారులో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కళను కళగా చూసే చోటు ఈ దేశంలో ఒకటి ఉందని దానికి చూపించాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఈస్టర్ ముందు గురువారం ఉదయం ఆరింటికి బయలుదేరాం. క్లీవ్‌లాండ్ దాదాపు 330 మైళ్లు. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోలు రహదారి మీద వెళ్లేవాళ్లు కారులో ఈజీపాస్ అనే టోలు పరికరం తప్పక పెట్టుకోవాలి, లేకపోతే టోలు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. రానుపోను పెట్రోలుకు 92 డాలర్లు అయింది. దారిలో పిట్స్‌బర్గ్ పెన్ హిల్స్ గుట్ట మీది వేంకటేశ్వరస్వామి ఆలయంలో ఆగాం. 1970లలో కట్టిన ఈ గుడి అమెరికాలోని తొలి హిందూ ఆలయాల్లో ఒకటి. దర్శనం ప్రశాంతంగా జరిగింది. కింద భోజనశాలలో పులిహోర, పెరుగన్నం నలుగురికీ కలిపి 24 డాలర్లు. అత్తయ్య పులిహోరకు ఇంగువ సరిపోయిందన్నారు. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు రాదు.

సాయంత్రం మూడున్నరకు అద్దె ఇల్లు చేరాం. రాత్రికి 118 డాలర్ల చొప్పున మూడు రాత్రులకు 354, శుభ్రం చేసినందుకు 95, సేవా రుసుము 61, మొత్తం 510 ముందే కట్టేశాం. సభాస్థలికి ఐదు నిమిషాల నడక అని ప్రకటనలో ఉంది. నడిచి చూస్తే ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. ఏప్రిల్ అయినా ఈరీ సరస్సు మీదుగా వచ్చే గాలి ఎముకలు కొరికేస్తోంది, సన్నగా మంచు కూడా పడుతోంది. ఇంటి థర్మోస్టాట్‌ను 62 డిగ్రీల ఫారెన్‌హీట్ (దాదాపు 17 సెల్సియస్) దగ్గర బిగించి పైన తాళం పెట్టిన ప్లాస్టిక్ పెట్టె అమర్చారు. యజమానికి ఫోను చేస్తే ఎత్తలేదు. రెండు గంటల తర్వాత, అదనపు దుప్పట్లు అలమరలో ఉన్నాయని సందేశం పంపారు. ఉన్నవి రెండే.

అత్తయ్య శాలువా మీద శాలువా కప్పుకుని, "నాకు ఫరవాలేదమ్మా, పిల్లకి కప్పు" అని, ఏదైనా వేడిగా తిందామంటూ వంటగదిలోకి వెళ్లారు. ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపప్పు ఉడికించి, చిన్న మూకుడులో నూనె కాచి, ఆవాలు, ఎండుమిర్చి, రెండు వెల్లుల్లి రెబ్బలు వేశారు. పోపు ఇంకా పప్పులో పడనే లేదు, పైకప్పున ఉన్న పొగ అలారం ఇల్లు అదిరేలా మోగింది. మా వారు కుర్చీ ఎక్కి ఆపేలోపు పక్క భాగంలోని వాళ్లు తలుపు కొట్టారు. పది నిమిషాల్లో యజమాని నుంచి ఫోను. మధ్యాహ్నమంతా దొరకని మనిషి అప్పుడు వెంటనే దొరికారు. ఘాటైన వాసన వచ్చే వంటలు నిషేధమని వంటగది అలమర తలుపు లోపలి వైపు కాగితం అంటించి ఉందట. చూస్తే నిజంగానే ఉంది, పళ్లేల వెనక. "సోఫాలకు, తెరలకు వాసన పట్టింది, 150 డాలర్లు వసూలు చేస్తున్నాను" అన్నారు. మా వారు గట్టిగానే వాదించారు. ప్రకటనలో లేని నియమానికి జరిమానా ఎలా వేస్తారని అడిగితే ఫోను పెట్టేశారు.

అత్తయ్యకు ఇంగ్లీషు అంతగా రాదు. కానీ పోపు గురించే గొడవ అని అర్థమైంది. "నా వల్ల మీకు ఖర్చు వచ్చింది" అని రెండుసార్లు అన్నారు. పప్పు ముట్టుకోలేదు, మజ్జిగ తాగి పడుకున్నారు. పాప వెళ్లి నాన్నమ్మ పక్కన ముడుచుకుంది. ఆవిడ జీవితమంతా పదిమందికి వండిపెట్టిన చేతి వంటకు ఒకరు వాసన అని వెల కట్టారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శుక్రవారం ఆవిడను ఆ ఇంట్లో కూర్చోబెట్టడం ఇష్టం లేక క్లీవ్‌లాండ్ కళా ప్రదర్శనశాలకు వెళ్లాం. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. కారు తీయకుండా యూక్లిడ్ అవెన్యూ మీద నడిచే హెల్త్‌లైన్ బస్సు ఎక్కాం. మనిషికి రెండున్నర డాలర్లు, నలుగురికి పది. బస్సు శుభ్రంగా ఉంది, సమయానికి వచ్చింది, డ్రైవరు అత్తయ్య కూర్చునేదాకా ఆగి కదిలించారు. ప్రదర్శనశాలలో పదకొండో శతాబ్దపు చోళుల కంచు నటరాజ విగ్రహం ఉంది. పాప దాని ముందు నిలబడి ఎత్తిన పాదం, చేతుల తీరు చాలాసేపు పరిశీలించి, తన ముద్ర సరిచేసుకుంది. కంబోడియా నుంచి వచ్చిన గోవర్ధనధారి రాతి శిల్పం కూడా చూడదగినది. ముక్కలుగా విడిపోయిన విగ్రహాన్ని మళ్లీ అతికి నిలబెట్టారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఇక్కడ కనీసం మూడు గంటలు పెట్టుకోవాలి.

ఇక శనివారం. అన్నీ భరించి వెళ్లింది దీనికోసమే.

క్లీవ్‌లాండ్ ఆరాధన 1978లో ఒక చర్చిలో కొద్దిమందితో మొదలైంది. తర్వాత క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీకి చేరి, ఇప్పుడు పది రోజులకు పైగా సాగే ఉత్సవంగా ఎదిగింది. పిల్లల పోటీలు, కచేరీలు, నృత్య ప్రదర్శనలు అన్నీ ఉంటాయి. త్యాగయ్య సమాధి ఉన్న తిరువైయారులో పుష్య బహుళ పంచమి నాడు జరిగే ఆరాధన ఇక్కడ ఈస్టర్ రోజుల్లో జరుగుతుంది. "తిథి దాటాక ఆరాధన ఏమిటమ్మా" అని అత్తయ్య దారి పొడవునా సణుగుతూనే వచ్చారు. వేట్‌జెన్ ఆడిటోరియం తలుపు తీయగానే ఆ సణుగుడు ఆగింది. పట్టుచీరలు, తంబూరా శ్రుతి, అగరొత్తుల వాసన, వేదిక మీద బారులు తీరిన గాయకులు. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

మా పక్క సీటులో ఒక తమిళ పెద్దావిడ. ఒళ్లో అంచులు నలిగిన పాత నోటుపుస్తకం. అందులో త్యాగయ్య కీర్తనలన్నీ తమిళ లిపిలో రాసి ఉన్నాయి. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. తెలుగు మాట సరిగ్గా పలకడానికి అక్షరాల మీద చిన్న చిన్న అంకెలు వేసుకుంటారు. గౌళ రాగ కీర్తనలో "దుడుకు గల" అనే చోట దు మీద 3, గ మీద 3. నలభై ఏళ్లుగా ఆవిడ ఆ అంకెలు చూసుకుంటూ మన మాటలను తప్పు లేకుండా పాడుతున్నారు. నా చుట్టూ ఆ వరుసలో తెలుగు మాతృభాషగా ఉన్నది మా నలుగురికే. నాకు గర్వమూ, సిగ్గూ ఒకేసారి కలిగాయి.

ముందు నాట రాగంలోని కీర్తన. పంచరత్నాల్లో అదొక్కటే సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. నాటలో అత్తయ్య పెదవులు కదిలాయి కానీ గొంతు రాలేదు. గౌళ మొదలయ్యాక సన్నగా వినిపించింది. ఆరభి వచ్చేసరికి గొంతు విచ్చుకుంది. వరాళిలో ఆవిడ కళ్లు మూసుకున్నారు. శ్రీరాగం మొదలైనప్పుడు వేదిక మీది వాళ్లు, కింద మేము, పాపలాంటి పిల్లలు, కర్రలూతగా వచ్చిన వృద్ధులు అంతా ఒక్క గొంతుగా పాడాం. పాటలంటే ఆసక్తి లేక, కారు నడపడానికే వచ్చానన్న మా వారు కూడా తల వంచుకుని వింటూ ఉండిపోయారు.

అయిపోయాక పక్కావిడ అత్తయ్య వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో, "మీరు తెలుగా? ఒక సందేహం" అన్నారు. దుడుకు అంటే దుర్మార్గం అని పుస్తకంలో ఉందట. కానీ ఆ మాట ఇళ్లలో ఎవరైనా వాడతారా, లేక పాటలోనే ఉందా అని అడిగారు.

అత్తయ్య ముఖం వెలిగిపోయింది. "వాడకపోవడమేమిటమ్మా! ఇదిగో, ఈ మనవరాలితో రోజూ అంటాను, కాస్త దుడుకు తగ్గించుకోవే అని" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అయితే త్యాగయ్య తనను తాను అల్లరి పిల్లవాడిలాగా తిట్టుకుంటున్నాడన్నమాట" అని, పెన్సిలు తీసి పుటంచున రాసుకున్నారు. అంతే, ఇద్దరూ గంటన్నర లేవలేదు. కీర్తనలో ఒక్కో మాటకూ అత్తయ్య అర్థం చెప్పడం, నేను మార్చడం, ఆవిడ రాసుకోవడం. త్యాగయ్యగారు కాకర్లవారని, ఇంటి పేరు తెలుగుదేనని అత్తయ్య చెప్పారు. తిరువైయారులో సమాధి మందిరం కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ గురించి ఆ తమిళ పెద్దావిడ చెప్పారు. ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వని రోజుల్లో ఆమె ఎలా పోరాడిందో పాప నోరు తెరుచుకుని వింది.

మాటల్లో పోపు సంగతి వచ్చింది. పాపే చెప్పేసింది. ఆ పెద్దావిడ లేచి నిలబడి, "ఇప్పుడే మా ఇంటికి రండి" అన్నారు. నేను మొహమాటపడ్డాను, ఆవిడ వినలేదు. నగర శివార్లలో ఇరవై నిమిషాల దూరంలో వాళ్లిల్లు. వాకిట్లోనే ఇంగువ వాసన ఎదురొచ్చింది. వత్తకుళంబు అనే తమిళుల పులుసు, మిరియాల రసం, అప్పడాలు సిద్ధంగా ఉన్నాయి. బీన్స్ కూరకు తాలింపు మాత్రం అత్తయ్యనే వేయమన్నారు. అత్తయ్య తటపటాయిస్తూ పైకప్పు వైపు చూశారు. ఆవిడ నవ్వి, "మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఆవాలు పేలుతున్నాయి, వేయండి" అన్నారు. ఆ రాత్రి అత్తయ్య మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. తిన్నాక పెద్దావిడ శ్రుతిపెట్టె మీద, అత్తయ్య గొంతు మీద, ఆరభిలోని సాధించెనే మళ్లీ మొదటి నుంచి చివరి దాకా సాగింది.

బస గురించి నా సలహా ఇది. ఆ పెద్దావిడ టొరంటో బంధువులు సభాస్థలికి రెండు వీధుల అవతల చిన్న వంటగది ఉన్న హోటల్ గదిలో దిగారు. రాత్రికి 149 డాలర్లు, పన్నులు వేరే. ధర చూసి మేము వదులుకున్నది ఆ హోటలే. మా అద్దె ఇంటి విషయంలో ప్రకటన తాలూకు స్క్రీన్‌షాట్లు, అలమర లోపలి కాగితం ఫోటో పంపి పదకొండు రోజులు వెంటపడితే 75 డాలర్లు వెనక్కి వచ్చాయి. అన్నీ కలిపి 585, అంటే రాత్రికి 195 పడింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు హోటల్‌లోనే దిగండి. తాళం వేసిన థర్మోస్టాట్ కనిపిస్తే మొదటి గంటలోనే ఫోటో తీసి ఫిర్యాదు చేయండి. బట్టల సంగతీ చెప్పాలి. ఏప్రిల్ కదా అని పలుచటి స్వెటర్లతో వెళ్లకండి, చలికోట్లు తప్పనిసరి.

ఆదివారం తిరుగు ప్రయాణంలో అత్తయ్య కారు ఆగిన మొదటి చోటే ఒక రెండు వందల పుటల నోటుపుస్తకం కొనిపించుకున్నారు, మూడు డాలర్ల యాభై సెంట్లు. నాలుగు తెలుగు పంచరత్నాలకు మాట మాటకూ అర్థం ఆవిడ తెలుగులో రాస్తున్నారు, పక్క పుటలో పాప ఇంగ్లీషులో రాస్తోంది. గౌళ పూర్తయింది. ఆరభి సగంలో ఉంది. జూన్‌లో అత్తయ్య రాజమండ్రి వెళ్లిపోయేలోపు పుస్తకం క్లీవ్‌లాండ్‌లోని ఆ పెద్దావిడకు చేరాలని రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చుంటున్నారు.