ఏప్రిల్ మంచులో స్కీ బైక్: మోకాలు దెబ్బతిన్నవాళ్లు తప్పక చదవండి

నా స్నేహితుడు డెన్వర్‌కి వచ్చి నాలుగేళ్లైంది, ఒక్కసారీ మంచు కొండ ఎక్కలేదు. షటిల్ ఆడుతూ ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెంపుకుని ఆపరేషన్ చేయించుకున్నాడు, స్కీయింగ్ మాట ఎత్తితే చాలు "వద్దు మామా, మళ్లీ ఆ ఫిజియోథెరపీ నావల్ల కాదు" అనేవాడు. ఈసారి వాళ్ల డాక్టర్‌ని అడిగించి, సరే అన్నాకే ఏప్రిల్ మూడో వారంలో వింటర్ పార్క్ అనే స్కీ రిసార్ట్‌కి తీసుకెళ్లి స్కీ బైక్ ఎక్కించాను.

చూడనివాళ్ల కోసం చెప్తున్నా. ఫ్రేమ్, హ్యాండిల్, సీటు సైకిల్‌లాగే ఉంటాయి, చక్రాల చోట మాత్రం రెండు పొట్టి స్కీలు, అంటే మంచు మీద జారే పలకలు. పెడల్స్ ఉండవు, బ్రేకులూ ఉండవు, ఆగాలంటే బండిని వాలుకి అడ్డంగా తిప్పడమే. నిలబడి నడిపే రకం కూడా ఉంది కానీ మేం తీసుకున్నది కూర్చునేది, పాదాలకి కూడా చిన్న స్కీలు కడతారు. బరువు చాలావరకు సీటు మీదే పడుతుంది, అందుకే మోకాలు మెలిపడుతుందన్న టెన్షన్ బాగా తగ్గుతుంది. ఇదేదో కొత్త వింత కాదు, అమెరికాలో 1892లోనే దీనికి పేటెంట్ ఇచ్చారు.

సీజన్ చివర్లోనే ఎందుకు వెళ్లమంటున్నానంటే, ఏప్రిల్‌లో పగలు ఎండకి పై మంచు కరుగుతుంది, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది, రోజూ ఇలా జరిగి జరిగి మంచు మొక్కజొన్న గింజల్లా తయారవుతుంది, అందుకే దాన్ని ఇక్కడ కార్న్ స్నో అంటారు. పొద్దున తొమ్మిదికి గాజుపలకలా ఉన్న వాలే పదిన్నరకల్లా పైపైన మెత్తబడి, తిప్పిన వైపుకల్లా తిరుగుతుంది, పడినా పెద్దగా దెబ్బ తగలదు. మా వాడు మొదటి గంటలో ఆరుసార్లు పడ్డాడు, ఆరుసార్లూ తనే లేచాడు. ఏడోసారి కింద దాకా ఆగకుండా వచ్చి హెల్మెట్ తీసి ఏమీ మాట్లాడకుండా నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఒక్క క్షణానికే నేను పెట్టిన డబ్బంతా వచ్చేసింది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటితే మాత్రం మంచు జావైపోతుంది. అప్పుడు కొంచెం వెనక్కి వాలి కూర్చోవాలి, లేదంటే ముందు స్కీ కూరుకుపోయి హ్యాండిల్ మీదికి వెళ్లిపోతాం. చదును చోట్లయితే బండి కదలనే కదలదు, కాళ్లతో నెట్టుకుంటూ పోవాల్సిందే. ఎండకాలపు మంచుకి వేరే మైనం ఉంటుంది, స్కీల అడుగున అది రాశారా లేదా అని ముందే అడగండి.

ఇక అద్దె షాపు సంగతి. మేం వెళ్లిన షాపు పేరు రాయను కానీ నాకిచ్చిన బైక్ స్కీల అంచులు బాగా అరిగిపోయి ఉన్నాయి, పొద్దున్న గట్టి మంచు మీద మొదటి మలుపులోనే పక్కకి జారిపోయాను. వెనక్కి తీసుకెళ్తే మారు మాట్లాడకుండా మార్చారు, అది మెచ్చుకోవాలి, కానీ చూసి ఇవ్వాల్సింది వాళ్లే కదా! బైక్‌ని మనకి కట్టే తాడు కూడా లాగి చూసుకోండి, అది తెగితే ఖాళీ బండి కిందున్న వాళ్ల మీదికి దూసుకుపోతుంది. కొండపైకి తీసుకెళ్లే లిఫ్ట్ టికెట్ అద్దెలో కలవదు, వేరుగా కొనాలి. నేర్పినావిడ మాత్రం బంగారం. మా వాడి మోకాలి సంగతి వినగానే వాడికి తగ్గట్టు సీటు ఎత్తు రెండుసార్లు మార్చి చూసింది, చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది, కింద స్కీని చూడొద్దు అని ఓపిగ్గా చెప్పింది. దివ్యాంగులకి స్కీయింగ్ నేర్పే పెద్ద సంస్థ ఒకటి 1970 నుంచీ ఈ కొండ మీదే నడుస్తోంది, ఇక్కడివాళ్ల ఓపిక అక్కడి నుంచే వచ్చిందేమో అనిపించింది.

డెన్వర్ నుంచి వెళ్లేటప్పుడు బెర్తూడ్ పాస్ అనే కనుమ దాటాలి, 11,307 అడుగుల ఎత్తు, హెయిర్‌పిన్ మలుపులు, ఏప్రిల్‌లో కూడా మంచు పడొచ్చు, టైర్లు చూసుకోండి. కొండ కిందే దాదాపు 9,000 అడుగులు కాబట్టి నీళ్లు బాగా తాగాలి. సన్‌స్క్రీన్ ముఖానికే కాదు, గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయండి, మంచు మీద పడ్డ ఎండ కింద నుంచి కొడుతుంది. మాకది తెలియక ఇద్దరికీ గడ్డం కింద చర్మం ఊడింది. దారిలో తినడానికి పులిహోర పట్టుకెళ్లాం, పార్కింగ్‌లో ఎండలో నిలబడి తిన్నాం.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర అరిగిన అంచులకి. వచ్చే ఏప్రిల్‌కి వాళ్లావిడని కూడా తీసుకొస్తానన్నాడు మా వాడు, నేను అప్పుడే సెలవు పెట్టేశాను.