విజయవాడలో డీజే కోర్సు: "క్లబ్‌లో స్లాట్ గ్యారంటీ" అనే వారికి డబ్బు కట్టే ముందు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో డీజేయింగ్ నేర్చుకోవాలనుకునే వారందరికీ ఈ హెచ్చరిక. మూడు నెలల కోర్సు అయిపోగానే క్లబ్‌లో స్లాట్ (పాటలు వేయడానికి ఇచ్చే సమయం) గ్యారంటీ అని చెప్పి ఫీజు మొత్తం ముందే అడిగే వారు ఎదురైతే, ఆ స్లాట్ ఏ క్లబ్‌లో, ఏ తేదీన, ఎవరి ఒప్పుదలతో ఇస్తారో కాగితం మీద రాయించుకోకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి. మన నగరంలోని అలాంటి ఒక సంస్థలో నేను చేరాను, కోర్సు పూర్తి చేశాను, ఇప్పుడు డబ్బు వాపసు కోసం ఫిర్యాదు చేశాను. విచారణ తేలే వరకు సంస్థ పేరు బయటపెట్టడం సబబు కాదు కాబట్టి రాయడం లేదు. అయినా వాళ్లు అనుసరించిన పద్ధతి తెలిస్తే అదే పద్ధతి ఇంకెక్కడ కనిపించినా మీరు పోల్చుకోగలుగుతారు.

మొదటి ఎర డెమో క్లాసు. ఆ రోజు గదిలో రెండు పెద్ద ప్లేయర్లు, మధ్యలో పాటలను కలిపే నాలుగు ఛానళ్ల మిక్సర్, పక్కన మానిటర్ స్పీకర్లు, అంటే క్లబ్బుల్లో ఉండే సరంజామా అంతా అమర్చి పెట్టారు. వచ్చిన ప్రతి ఒక్కరి చేతా కాసేపు ఫేడర్లు (శబ్దం పెంచే, తగ్గించే మీటలు) కదిలించి, వీడియో తీసి పంపించారు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి, వాయిదాల్లో అయితే రూ. 55,000 అనీ, రేపటిలోగా ఒకేసారి కడితే రూ. 45,000 చాలనీ చెప్పారు. దీనికి తోడు "మ్యూజిక్ లైసెన్స్" పేరుతో ఇంకో రూ. 3,000 తీసుకున్నారు. క్లాసులు మొదలయ్యాక ఆ పెద్ద ప్లేయర్లు మళ్లీ కనిపించలేదు. అవి ఆ ఒక్క రోజుకి అద్దెకు తెచ్చినవని అక్కడి సహాయకుడే తర్వాత చెప్పాడు.

మా బ్యాచ్ మొత్తానికి మిగిలినవి రెండు చిన్న కంట్రోలర్లు, అంటే లాప్‌టాప్‌కి తగిలించి వాడే డీజే యంత్రాలు. వాటిలో ఒకదాని కుడివైపు జాగ్ వీల్ (పాటను ముందుకూ వెనక్కూ జరిపే గుండ్రటి చక్రం) తిప్పితే పాట కదిలేది కాదు. క్యూ బటన్ (పాటను గుర్తుపెట్టిన చోటికి తెచ్చేది) నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోతుందని దాని మీద నల్ల టేపు అంటించారు. గంటన్నర క్లాసులో ఒక్కొక్కరి వంతు పది నిమిషాలకు మించేది కాదు, ఆ పది నిమిషాల్లోనూ శిక్షకుడు చెప్పేది ఒక్కటే, రెండు పాటల వేగాన్ని యంత్రమే కలిపే సింక్ బటన్ నొక్కమని. సింక్ వాడడం తప్పని నేను అనను, పెద్ద పెద్ద డీజేలూ వాడతారు. కానీ రెండో పాటను హెడ్‌ఫోన్‌లో వింటూ, పిచ్ ఫేడర్‌తో దాని వేగాన్ని మొదటి పాట వేగానికి తెచ్చి, ఏ బీటు దగ్గర వదలాలో చెవితో తేల్చుకోవడం రానివాడికి సింక్ తప్పిన రోజున చేతిలో ఏమీ ఉండదు.

మన పాటలతో సింక్ తప్పడం మామూలే. 1980ల నాటి తెలుగు సినిమా పాటలు ఎక్కువగా వాద్యకారులు అందరూ కూర్చుని వాయించగా రికార్డయినవి కాబట్టి వాటి వేగం పల్లవికీ చరణానికీ మధ్య కొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ వేసిన బీట్ గ్రిడ్ (బీట్లు ఎక్కడ పడతాయో చూపే గీతలు) నాలుగు వరసలు దాటేసరికి పక్కకు జరిగిపోతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. మన దగ్గర జనాన్ని లేపి ఆడించే మాస్ పాటలు చాలావరకు తిశ్ర నడకలో (బీటుకు మూడు భాగాలు) ఉంటాయి, క్లబ్బుల్లో వేసే హౌస్ సంగీతం నిమిషానికి 120 నుంచి 128 బీట్ల (బీపీఎం) మధ్య చతురశ్ర నడకలో (బీటుకు నాలుగు భాగాలు) సాగుతుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి నేల మీద అడుగులు ఆగకుండా వెళ్లడమే కోస్తాలో పని చేయాలనుకునే డీజేకి అసలు విద్య అని నా నమ్మకం. ఆ విషయం అడిగితే, "అది అడ్వాన్స్‌డ్ కోర్సులో వస్తుంది" అని సమాధానం. ఆ కోర్సుకు ఫీజు వేరే.

చివరికి వచ్చింది వాళ్లు గ్యారంటీ ఇచ్చిన "క్లబ్ నైట్". అది జరిగింది క్లబ్‌లో కాదు. ఒక హోటల్ హాలును వాళ్లే అద్దెకు తీసుకుని సాయంత్రం పూట పెట్టిన కార్యక్రమం అది. ఒక్కొక్క విద్యార్థి రూ. 500 చొప్పున పది టికెట్లు అమ్మాలి, అమ్ముడుపోని వాటి డబ్బు తానే కట్టాలి. అంటే వచ్చిన ప్రేక్షకులు మా చుట్టాలూ స్నేహితులే, వాళ్లను మేమే డబ్బు కట్టించి తెచ్చాం. ఆ రోజు పెట్టినవి పెన్‌డ్రైవ్‌తో నడిచే ప్లేయర్లు. క్లాసుల్లో అంతా లాప్‌టాప్ మీదే నడిపారు తప్ప, పెన్‌డ్రైవ్‌ను ఆ ప్లేయర్లు చదివే ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసి, రెకార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో పాటలను ముందే సిద్ధం చేసి ఎక్కించుకోవాలని మాకెవరూ చెప్పలేదు. గుంటూరు నుంచి రోజూ బస్సులో వచ్చి నేర్చుకున్న ఒక అమ్మాయి పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే వేరే ఫార్మాట్‌లో ఉండడంతో ప్లేయర్ దాన్ని చదవనే లేదు. తెర మీద ఆమె పాటల జాబితా వస్తుందని ఎదురుచూస్తూ నిలబడి ఉంటే, శిక్షకుడు తన పెన్‌డ్రైవ్ పెట్టి, పాట మొదలుపెట్టి, "నువ్వు ఊరికే చేతులు పెట్టి నిలబడమ్మా, వీడియో తీస్తాం" అన్నాడు. నెలల తరబడి తయారు చేసుకున్న ఆమె సెట్ అక్కడితో ఆగిపోయింది. ఆ వీడియో మాత్రం ఇప్పుడు వాళ్ల ప్రకటనలో తిరుగుతోంది. ఈ పోస్టు రాయాలని నేను గట్టిగా అనుకున్నది ఆ ప్రకటన చూసిన రోజునే.

క్లబ్ స్లాట్ అనేది శిక్షణ సంస్థ చేతిలో ఉండే వస్తువు కాదు. దాన్ని నిర్ణయించేది ఆ చోటి మేనేజరు, అక్కడి రెసిడెంట్ డీజే (ఆ చోట క్రమంగా పని చేసే డీజే), కొన్ని చోట్ల ఆ రాత్రి కార్యక్రమం పట్టిన ఈవెంట్ వాళ్లు. వాళ్లు అడిగేది సర్టిఫికెట్ కాదు, మీరు చేసిన అరగంటో గంటో సెట్ రికార్డింగ్. మన దేశంలో డీజేగా పని చేయడానికి ఏ కోర్సు సర్టిఫికెట్టూ చట్టప్రకారం అవసరం లేదు కాబట్టి "ఇంటర్నేషనల్ సర్టిఫికేషన్" అన్న మాటకు విలువ కట్టకండి. "మ్యూజిక్ లైసెన్స్" పేరుతో తీసుకున్న రూ. 3,000 కూడా అలాంటిదే. వాణిజ్య కార్యక్రమాల్లో రికార్డు పాటలు వేయడానికి పాటల హక్కుల తరఫున రుసుము వసూలు చేసే పీపీఎల్, ఐపీఆర్‌ఎస్ వంటి సంస్థల నుంచి అనుమతి తీసుకోవలసింది మామూలుగా హోటలో నిర్వాహకుడో కానీ, క్లాసులో నేర్చుకునే విద్యార్థి కాదు. పెళ్లికీ, పెళ్లికి సంబంధించిన వేడుకలకూ 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపే ఇచ్చింది.

మన రెండు నగరాల్లో నైట్‌లైఫ్ ఇంకా చిన్నదే. ఇక్కడ కొత్త డీజేకి ముందుగా దొరికే పని సంగీత్, హల్దీ, రిసెప్షన్, కాలేజీ ఫెస్టులు, డిసెంబరు 31 రాత్రి హోటళ్ల కార్యక్రమాలు. ఆరుబయట లాన్లలో అయితే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఈ పని తక్కువదని చెప్పి క్లబ్బు కలలు అమ్మే వారి కన్నా, ఒక సౌండ్ వాళ్ల దగ్గర చేరి కేబుళ్లు చుట్టడం నుంచి నేర్పించే వారు మేలు.

యంత్రాల అమ్మకం గురించీ ఒక మాట. "విద్యార్థి ధర" అని చెప్పి మా బ్యాచ్‌లో ఒకరికి డీడీజే-400 కంట్రోలర్‌ను కొత్తదని అమ్మారు. అది 2018లో వచ్చిన మోడల్, తర్వాత దాని స్థానంలో డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 వచ్చింది. డబ్బాకు సీలు లేదు, వారంటీ కార్డు లేదు. పాతది కొనడంలో నష్టమేమీ లేదు, కొత్త ధర పెట్టి కొనడంలోనే ఉంది. సీరియల్ నంబరు చూసి, బిల్లు మీద వేయించుకోండి.

ఫీజుకు మాకిచ్చినది చేతిరాత రసీదు. జీఎస్‌టీతో కలిపి అన్నారు కానీ దాని మీద జీఎస్‌టీ నంబరు లేదు. జీఎస్‌టీ వసూలు చేసే వారు పదిహేను అక్షరాల నంబరు వేసి బిల్లు ఇవ్వాలి, ఆంధ్రప్రదేశ్‌లో అది 37తో మొదలవుతుంది. రసీదు కింద "కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని అచ్చు వేసి ఉన్నంత మాత్రాన దారులు మూసుకుపోవు. బిల్లు ఇవ్వకపోవడాన్నీ, సేవలో లోపం ఉన్నా డబ్బు వాపసు ఇవ్వడానికి నిరాకరించడాన్నీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతులుగానే చెప్పింది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపు అయితే ఫిర్యాదు రుసుము ఉండదు, సంస్థ విజయవాడలో ఉన్నా మీరు గుంటూరులో నివసిస్తుంటే గుంటూరులోనే దాఖలు చేసుకోవచ్చు.

చేరాలనుకునే వారు డెమో రోజున కాకుండా మామూలు క్లాసు జరుగుతున్న రోజున వెళ్లి కూర్చుని చూడండి. ఒక బ్యాచ్‌కి ఎన్ని యంత్రాలు, ఒక్కొక్కరికి ఎంత సేపు అన్నది అక్కడే తేలిపోతుంది. కిందటి బ్యాచ్ వారిలో ఇద్దరితో, సంస్థ వాళ్లు ఎదురుగా లేనప్పుడు మాట్లాడండి. ఫీజు నెలవారీగా కడతానని అడగండి, ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

ఇలాంటి కోర్సులోనే ఇప్పటికే డబ్బు కట్టి ఉన్నవారు వాట్సాప్ సందేశాలను, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల స్క్రీన్‌షాట్లను, యూపీఐ చెల్లింపు వివరాలను ఇవాళే భద్రపరచుకోండి. ప్రకటనలు తీసేయడం వాళ్లకు క్షణం పని. ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు.