ఓడలో ఫ్రెంచ్ విందు: లె బిస్త్రో, జాక్, రెమీలలో ఏది మేలు?

క్రూజ్ టికెట్టు ధరలోనే మూడు పూటలా భోజనం కలిసి ఉన్నప్పుడు, పైగా డబ్బు పెట్టి ఫ్రెంచ్ రెస్టారెంటుకు వెళ్లడం దేనికన్న సందేహం చాలామందికి కలుగుతుంది. ఈ ఏర్పాటు నిజానికి పాతదే. 1912 నాటి టైటానిక్‌లోనూ మొదటి తరగతి ప్రయాణికులకు విడిగా సొమ్ము చెల్లించి తినే ఫ్రెంచ్ రెస్టారెంటు ఉండేది. నేటి ఓడల్లో పోల్చి చూడదగినవి మూడు: నార్వీజియన్ సంస్థ ఓడల్లోని లె బిస్త్రో; ఓషియానియా వారి మరీనా, రివియెరా ఓడల్లోని జాక్; డిస్నీ వారి డ్రీమ్, ఫాంటసీ ఓడల్లోని రెమీ.

ఖర్చు విషయంలో ఈ మూడింటి పద్ధతులూ వేరు. జాక్‌లో విడిగా రుసుము లేదు. అయితే ఓషియానియా టికెట్టే ఖరీదైనది కాబట్టి దానిని ఉచిత భోజనమని మురిసిపోవడం అమాయకత్వమే అవుతుంది. లె బిస్త్రోకు రుసుము ఉన్నా, నార్వీజియన్ ప్యాకేజీలలో తరచుగా ఒకటి రెండు ప్రత్యేక భోజనాలు కలిపి ఇస్తారు కనుక ముందుగా మీ బుకింగులో అవి ఉన్నాయేమో చూసుకోవాలి. రెమీలో రాత్రి భోజనానికి మనిషికి వంద డాలర్లకు పైనే అవుతుంది, వైన్ తీసుకుంటే దాని లెక్క వేరు. పైగా పద్దెనిమిదేళ్లు నిండనివారికి ప్రవేశం లేదు.

అసలు తేడా వంటలో, దానిని వడ్డించే తీరులో ఉంది. లె బిస్త్రోలో వెల్లుల్లి వెన్నలో వండిన నత్తలు, పైన చీజ్ కరిగించిన ఉల్లి సూపు, వైన్‌లో ఉడికించిన కోడి వంటివి దొరుకుతాయి. ఫ్రెంచ్ వంటతో తొలి పరిచయానికి ఇవి చక్కగా సరిపోతాయి, ఇంతకుముందే రుచి ఎరిగినవారికి మాత్రం కొత్తదనం కనిపించదు. ఫ్రాన్స్‌లో పుట్టి, అప్పటి ప్రధాని ద గాల్‌కు వండిపెట్టి, తరవాత అమెరికాలో టెలివిజన్ ద్వారా ఇంటింటికీ తెలిసిన జాక్ పెపాన్ పేరు మీద 2011లో మరీనాతో పాటు మొదలైన జాక్‌లో ఆర్భాటం తక్కువ. చువ్వకు గుచ్చి తిప్పుతూ కాల్చిన కోడి అక్కడి ప్రత్యేకత. చెయ్యి తిరిగిన వంటవాడి పనితనం అలాంటి సాదా వంటలోనే బయటపడుతుందని నా అభిప్రాయం. రెమీ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఒక యానిమేషన్ సినిమాలోని వంటగాడైన ఎలుక పేరు పెట్టుకున్నప్పటికీ అది పిల్లలాట కాదు. ఫ్రాన్స్‌లోని రాన్స్ నగరం పక్కనే, మిషెలిన్ గైడు ఇచ్చే అత్యున్నత గుర్తింపైన మూడు నక్షత్రాలు పొందిన రెస్టారెంటు నడిపే ఆర్నో లాల్మాన్ దాని మెనూ రూపకల్పనలో పాలుపంచుకున్నారు. ఒక్కొక్క ముద్దంత వంటకాలు వరసగా వస్తూ ఆ సాయంత్రమంతా అక్కడే గడిచిపోతుంది కాబట్టి ఆ రాత్రి ఓడలో మరో కార్యక్రమం పెట్టుకోకూడదు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లి, వారితో కలిసి క్రూజ్ ఎక్కే మన పెద్దలలో శాకాహారులు చాలామందే ఉంటారు. వారు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఫ్రెంచ్ వంటలో సూపులకూ సాసులకూ ఎముకలను మరిగించి తీసిన రసమే తరచుగా ఆధారం కాబట్టి, పేరులో ఉల్లిపాయ తప్ప మరేమీ కనిపించని సూపులోనూ గొడ్డుమాంసపు రసం ఉండవచ్చు. “మాంసం తినము” అని ఊరుకోక, మాంసపు రసం, చేపల రసం, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ కూడా వద్దని బుకింగు నాడే చెప్పి, ఓడ ఎక్కాక రెస్టారెంటు మేనేజరుకు మరోసారి గుర్తు చేయాలి. ఎంచుకుని తెప్పించుకునే లె బిస్త్రో, జాక్‌లలో సర్దుబాటు సులువు. ముందే కూర్చిన మెనూ నడిచే రెమీలో అప్పటికప్పుడు మార్పులు కోరడం కష్టం.

రెస్టారెంటును చూసి ఓడను ఎంచుకునేవారు అరుదే అయినా, వంట ఒక్కటే కొలమానమైతే నా ఓటు జాక్‌కే. పిల్లాపాపలతో వెళ్లే కుటుంబానికి, ప్యాకేజీలో భోజనం కలిసివచ్చేటట్లయితే, లె బిస్త్రో చాలు; సొంత డబ్బు పెట్టవలసివస్తే ఒక్క రాత్రికి మించి వద్దు. రెమీ మాత్రం పెళ్లిరోజు వంటి సందర్భం ఉన్న దంపతులకే తగినది. అది కూడా పిల్లలను చూసుకోవడానికి తాతయ్యో అమ్మమ్మో వెంట ఉంటేనే హాయిగా సాగుతుంది.